బొమ్మలోని జంతువు, బయలులోని జంతువు

చిన్నబిడ్డల చేతికి పుస్తకమిచ్చినచో వారు మొదట అక్షరమును చూడరు, బొమ్మను చూతురు. ఆ బొమ్మ జంతువుదైనచో వారికి వేఱొక ఆటవస్తువు అక్కఱలేదు. ఏనుగు తొండమును వ్రేలితో తడవి చూతురు. పులి కోఱలకు జంకి పుటను త్రిప్పివేయుదురు. కోడిపిల్లకు తమ చేతిలోని బొరుగులను పెట్టబోవుదురు. ఇది ప్రతి తల్లియు ఎఱిగిన సంగతియే. అక్షరము రాకమున్నే బిడ్డకు లోకమును చూపు ఉపాధ్యాయుడు బొమ్మల పుస్తకము. ఆ ఉపాధ్యాయుడు నిజము చెప్పుచున్నాడా లేదా యని విచారించుట పెద్దల విధి.

మన పాఠశాల గ్రంథాలయములో చిన్న తరగతుల వారికొఱకు జంతువుల బొమ్మల పుస్తకములకు ఒక అలమార ప్రత్యేకింపబడినది. వానిని ఎట్లు ఎన్నుకొనవలెను, ఎట్లు చదివింపవలెను అని తల్లిదండ్రులు పలువురు మమ్ము అడుగుచున్నారు. పై తరగతుల విద్యార్థులును ఇంటివద్ద తమ్ములకు చెల్లెండ్రకు ఈ పుస్తకములను చదివి వినిపించుచున్నారు. వారందఱికి ఉపయోగపడునని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇందు మేము చెప్పదలచినది ఒక్కటే: బొమ్మ జంతువునొద్దకు పోవుటకు త్రోవ కావలెనే గాని, జంతువునకు మాఱుగా కూర్చుండరాదు.

1. మాకు కలిగిన పాఠము

ఈ మాట మేము పుస్తకములో చదివి నేర్చినది కాదు, సిగ్గుపడి నేర్చినది. కొన్ని యేండ్లక్రిందట ఐదవ తరగతికి పాఠము చెప్పుచు, విదేశమున అచ్చైన ఒక అందమైన పక్షుల పుస్తకమును బాలురకు చూపితిమి. అందొక పుటలో ఫ్లెమింగో పక్షి, అనగా మనవారు రాజహంస యనునది, తల మొదలు తోకవఱకు దానిమ్మపువ్వు వన్నెతో మెఱయుచుండెను. ఈ పక్షి ప్రతి చలికాలమునను మన పులికాటు సరస్సునకు వచ్చుననియు, దాని రంగును బాగుగా గుర్తుపెట్టుకొనుడనియు మేము చెప్పుచుంటిమి. అంతలో వెనుక వరుసనుండి ఒక బాలుడు లేచెను. అతడు సరస్సు ఒడ్డునగల పాలెమునుండి వచ్చి మన వసతిగృహములో చదువుకొనుచున్నవాడు.

"అయ్యవారూ, మా కాడవి ఇట్టా ఉండవు. తెల్లగా ఉంటాయి. రెక్క ఇప్పితేనే ఎరుపు కనపడతాది. కొన్నయితే మట్టిరంగులో ఉంటాయి" అని యతడు చెప్పెను.

"పుస్తకం రాసినవాళ్ళకు తెలియనిది నీకు తెలుసునా? కూర్చో" అని మేము కసరితిమి. తరగతి నవ్వెను. ఆ బాలుడు కూర్చుండి, పిమ్మట ఆ వారమంతయు నోరు విప్పలేదు.

ఆ మౌనము మమ్ము బాధించెను. శనివారమునాడు రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగి, శ్రీహరికోటకు పోవు మార్గమున సరస్సు మధ్యకు పోయితిమి. ఆ సరస్సును పూర్వులు ప్రళయకావేరి యనియు పిలిచిరి. ఉప్పునీరును మంచినీరును కలిసిన కయ్యలలో, చిలికా తరువాత మన దేశమున పెద్దది అదియే. మోకాలిలోతు నీటిలో రాజహంసలు బారులుతీరి నిలిచియుండెను. అవి తెల్లగానే యుండెను. తెలుపులో లేత గులాబి చాయ లీలగా నుండెను. ఒక గుంపు లేచి యెగిరినప్పుడు రెక్కల క్రింది యెఱుపును నలుపును ఒక్కసారిగా కనబడెను. గుంపు అంచున బూడిదయు మట్టియు కలిసిన రంగుగల పక్షులు కొన్ని మేయుచుండెను. బాలుడు చెప్పిన మూడు మాటలును మూడు నిజములు.

పుస్తకములోని బొమ్మ అబద్ధమని చెప్పరాదు. అది అమెరికా ఖండమున కరీబియను సముద్రతీరముల నుండు జాతి. దాని దేహమంతయు ఎఱ్ఱగా నుండును. మన సరస్సునకు వచ్చునది పెద్ద రాజహంస యను వేఱొక జాతి. మట్టిరంగువి దాని పిల్లలు. వానికి పెద్దవాని రంగు వచ్చుటకు కొన్ని సంవత్సరములు పట్టును. ఆ గులాబి రంగైనను పుట్టుకతో వచ్చునది కాదు. అవి తిను చిన్నరొయ్యలలోను నాచులోను ఉండు వర్ణద్రవ్యమువలన కలుగునది. పుస్తకము ఒక దేశపు పక్షిని చూపగా మేము దానిని మఱియొక దేశపు పక్షి యంటిమి. తప్పు మాది.

సోమవారమునాడు తరగతియెదుట ఆ బాలునితో, నీవు చెప్పినది నిజము, మేము చెప్పినది పొరపాటు అని ఒప్పుకొంటిమి. ఇరువది యేండ్లకు పైగా బోధన చేసినవారము. శిక్షణ కళాశాలలో ప్రకృతిపాఠము చెప్పు పద్ధతులను నేర్చినవారము. అయినను చూచినవాని మాటను వినవలెనను మొదటి పద్ధతిని ఆ దినముననే నేర్చితిమి.

2. పూర్వము జరిగిన కథలు

ఇట్టి పొరపాటు మాకొక్కరికే కలిగినది కాదు. 1515వ సంవత్సరమున గుజరాతు సుల్తాను పంపిన యొక ఖడ్గమృగము ఓడమీద పోర్చుగలు దేశపు లిస్బను నగరము చేరెను. ఐరోపావారు అట్టి జంతువును చూచి వేయి సంవత్సరములు దాటెను. దానిని గూర్చిన యొక చిన్న చిత్రమును వర్ణనయు జర్మనీదేశపు చిత్రకారుడైన ఆల్‌బ్రెక్ట్ డ్యూరరునకు చేరగా, అతడు జంతువును కన్నులార చూడకయే చెక్కమీద దాని రూపమును చెక్కించి అచ్చువేసెను. ఖడ్గమృగము చర్మపు మడతలు ఆ బొమ్మలో ఉక్కు కవచము వలె నున్నవి, కాళ్ళకు పొలుసులున్నవి, మెడపైని లేని చిన్న కొమ్మొకటి మొలచియున్నది. చిత్రము మిక్కిలి అందమైనది. అందమైనది కావుననే జనులు నమ్మిరి. రెండువందల యేండ్లకు పైగా ఐరోపాలోని పుస్తకములు ఆ లేని కొమ్మును చూచి వ్రాసికొనుచు వచ్చినవి. బొమ్మ ఎంత బాగుగా నుండునో దానిలోని తప్పు అంతకాలము బ్రతుకును.

బాలురకొఱకు బొమ్మలతో పాఠ్యగ్రంథమును కూర్చినవారిలో కొమీనియసు అను మొరేవియా దేశపు ఉపాధ్యాయుడు ప్రసిద్ధుడు. అతని 'ఓర్బిస్ పిక్టుస్' అను గ్రంథము 1658వ సంవత్సరమున న్యూరెంబర్గు పట్టణమున అచ్చయ్యెను. అందలి మొదటి పాఠము అక్షరమాల. ప్రతి అక్షరమునకు ఒక జంతువు బొమ్మయు, దాని కూతయు నిచ్చెను. కాకి అఱచినట్లు ఒక అక్షరము, గొఱ్ఱె అఱచినట్లు మఱియొక అక్షరము. బాలుడు తానెఱిగిన కూతనుండి తానెఱుగని అక్షరమునకు పోవలెనని ఆయన యుద్దేశము. ఎఱిగినదానినుండి ఎఱుగనిదానికి పోవుట నేటికిని బోధనకు మొదటి సూత్రము.

మన నెల్లూరునకు ఈ కథలో చోటు లేకపోలేదు. ఇచట సివిల్ సర్జనుగా పనిచేసిన టి. సి. జెర్డను దొర దక్షిణదేశపు పక్షులను గూర్చి 50 చిత్రములతో ఒక గ్రంథమును మద్రాసున 1843 మొదలు 1847 వఱకు భాగములుగా ప్రకటించెను. ఆ బొమ్మలు మన దేశపు చిత్రకారులు వ్రాసినవి. అది పెద్దలకొఱకు చేసినదే గాని చిన్నవారికొఱకు కాదు. అయినను, పక్షి నెదుట నుంచుకొని చూచి బొమ్మ వ్రాయుట మన సీమలో నూటయెనుబది యేండ్లక్రిందటనే జరిగినదని మన విద్యార్థులు తెలిసికొనవలెను.

3. మంచి పుస్తకమునకు ఐదు పరీక్షలు

పుస్తకమును కొనుటకు ముందు, చదివించుటకు ముందు, ఈ యైదు ప్రశ్నలను వేయుడు.

మొదటిది: ఇది ఎచ్చటి జంతువు? దీనికి మేమే సాక్షులము గదా. మఱియొక దృష్టాంతము చెప్పెదము. బొమ్మల పుస్తకములలో గొఱ్ఱె యనగా తెల్లని దూదిమూటవలె నుండును. మన నెల్లూరు గొఱ్ఱె అట్టిది కాదు. భారతదేశపు గొఱ్ఱె జాతులలో మిక్కిలి ఎత్తైనదని దానికి పేరు. దాని దేహమున ఉన్ని దాదాపుగా లేదు. పొట్టి వెండ్రుకలే యుండును. తెల్లనిదానిని పల్ల యనియు, తెల్లని దేహమున మూతిపై కండ్లచుట్టు నలుపుగలదానిని జోడిపి యనియు, గోధుమవన్నెదానిని దొర యనియు కాపరులు పిలుతురు. దూరమునుండి చూచువారు దానిని మేకయే యనుకొందురు. క్రీస్తుప్రభువు చెప్పిన ఉపమానములో కాపరి గొఱ్ఱెలను మేకలను వేఱుపఱచుట మత్తయి సువార్త 25వ అధ్యాయమున నున్నది. దూదిమూట గొఱ్ఱెను బొమ్మలో చూచిన బాలుడు ఇందులో కష్టమేమున్నదని యడుగును. మన గొఱ్ఱెల మందను చూచిన బాలుడు అడుగడు. మేక తోక పైకెత్తుకొనియుండును, గొఱ్ఱె తోక క్రిందికి వ్రేలాడును అని మన కాపరి పిల్లవాడు చెప్పగలడు. ఆ మాట బొమ్మల పుస్తకములో నుండవలసిన మాట.

రెండవది: దీని పరిమాణమెంత? ఒకే పుటలో చీమయు ఏనుగును సమానముగా నున్నచో బిడ్డకు భ్రాంతి కలుగును. మంచి పుస్తకము జంతువు ప్రక్కన మనుష్యుని చేతినో, బాలుని ఎత్తునో చూపును. అట్లు చూపనిచో చదివి వినిపించువారే పూరింపవలెను. పెద్ద రాజహంస నిలుచున్నప్పుడు నాలుగడుగుల యెత్తుండును. అనగా ఐదవ తరగతి బాలుని భుజములకు దాటును.

మూడవది: ఇది పిల్లయా, పెద్దదియా? ఆడదియా, మగదియా? పుస్తకములు తఱచుగా పెద్ద మగదానినే చూపును. పింఛము విప్పిన నెమలిని చూచిన బిడ్డ ఆడనెమలిని చూచి వేఱొక పక్షి యనుకొనును.

నాలుగవది: ఇది చేయుచున్న పని నిజమా? బొమ్మలలో గూడబాతు తన గొంతుసంచిలో చేపలను సంతకు పోవువానివలె మూటగట్టి మోసికొనిపోవుచుండును. అది నిజము కాదు. ఆ సంచి చేపలను దాచు బుట్ట కాదు, నీటితో కలిపి చేపను తోడు వల. నీటిని వంచివేసి చేపను వెంటనే మ్రింగును. పిల్లలకు కడుపులోనిదానిని కక్కి పెట్టును. 1976లో రక్షితస్థలమైన నేలపట్టునందు దీనిని ఎవరైనను చూడవచ్చును. దొరవారిసత్రము సమీపముననున్న ఆ చెఱువు 2022 వఱకు నెల్లూరు జిల్లాలోనిది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. అచట నీటిలో నిలిచిన చెట్లపై బూడిదవన్నె గూడబాతులు గూళ్ళు కట్టును. పక్షుల రెట్టలు కలిసిన చెఱువునీరు పొలములకు బలమని ఆ గ్రామస్థులు వానిని ఆదరించుచు వచ్చిరి.

ఐదవది: ఇది జంతువునకు మన బుద్ధులను అంటగట్టుచున్నదా? గ్రుడ్లుపెట్టుటకు ఇసుకపైకి వచ్చిన సముద్రపు తాబేలు నొప్పికి ఏడ్చుచున్నదని వ్రాయుదురు. దాని కంటినుండి కారునది దుఃఖము కాదు. ఉప్పునీటిలో బ్రతుకుచు లోనికి చేరిన ఉప్పును కంటియొద్దనున్న గ్రంథులు వెలికి పంపుట యది. నిజము తెలిసినంత మాత్రమున బిడ్డకు తాబేలుపై జాలి తగ్గదు. ఆ జాలి కన్నీటిపై గాక తాబేలు బ్రతుకుపై నిలుచును.

4. నీతికథయు నిజమును

ఇది చదివి, పంచతంత్రమును పిల్లలకు చెప్పరాదా యని కొందఱడుగవచ్చును. తప్పక చెప్పవలెను. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికను మన తాతలు చదివిరి, మేమును చదివితిమి. అందలి కాకియు తాబేలును మాటలాడుట మనుష్యులను గూర్చి చెప్పుటకే గాని, కాకిని తాబేలును గూర్చి చెప్పుటకు కాదు. బిడ్డకు ఆ భేదమును తెలుపవలెను. కథలో నక్క జిత్తులమారి. అడవిలో నక్క ఎలుకలను, పీతలను, రాలిన పండ్లను తిని పిల్లలను పెంచుకొను జంతువు. రెండు పుస్తకములును ఒకే అలమారలో నుండవచ్చును. రెండును ఒకటే యని మాత్రము చెప్పరాదు.

అట్లు కలిపివేయుటవలన ప్రాణహానియు కలుగును. జెఱ్ఱిపోతు నాగుపామునకు మగదని మన గ్రామములలో నేటికిని చెప్పుకొందురు. అవి వేఱు వేఱు జాతులు. జెఱ్ఱిపోతునకు విషము లేదు. అది పొలములో ఎలుకలను తిని రైతునకు మేలు చేయును. ఆ మాట తెలియక దానిని చంపుచున్నారు. ఇచట ఒక హెచ్చరిక: బొమ్మను చూచి పామును గుర్తించితినని తలచి ఏ బాలుడును ఏ పామును సమీపింపరాదు. దూరముగా నిలిచి పెద్దలను పిలువవలెను. పాము కఱచినచో మంత్రములకై కాలము పుచ్చక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

5. చదివించు విధము

తల్లిదండ్రులకు మా సలహా యిది. మొదట వ్రాతను చదువక, బిడ్డను బొమ్మను చూడనిండు. "ఏమి కనబడుచున్నది?" అని యడిగి ఊరకుండుడు. కాళ్ళెన్ని, ముక్కు వంకరయా సూటియా, తోక పొడవా పొట్టియా అని బిడ్డయే చెప్పవలెను. పిదప వ్రాతను చదివి, బిడ్డ చెప్పినదానితో సరిచూడుడు. ఆ మీదట, "దీనిని మనము ఎచ్చట చూడవచ్చును?" అని యడుగుడు. చూడదగినదైనచో ఆ వారముననే తీసికొనిపోయి చూపుడు. దూరదేశపుదైనచో, దానివంటిది మనయొద్ద నేది కలదో వెదకుడు. ఇంటికి వచ్చి మరల ఆ పుటను తెఱువుడు. ఈ రెండవ చూపులోనే చదువున్నది.

నేటి బాలురు చేతిఫోనులలో జంతువుల కదలుబొమ్మలను గంటలకొలది చూచుచున్నారు. అవి మంచివే. కాని కదలుబొమ్మ తన వేగముతో బిడ్డను లాగుకొనిపోవును. పుస్తకములోని బొమ్మ బిడ్డ చూచినంతసేపు నిలిచియుండును. నిలిచి చూచుట అలవడినవాడే పొదచాటున పక్షికొఱకు కదలక కూర్చుండగలడు.

బయలుకు పోయినప్పుడు గూటిని తాకరాదు, గ్రుడ్డును తీయరాదు, రాయి విసరరాదు. మన తీరమున జనవరి మొదలు మార్చి వఱకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి ఇంచుమించు నూఱు గ్రుడ్లు పెట్టిపోవును. ఏబది దినములకు కొంచెము ఎచ్చుతగ్గులుగా పిల్లలు వెలువడి, వెలుతురుగల దిక్కునకు ప్రాకును. సముద్రముపైని కాంతియే వానికి త్రోవ చూపును. ఒడ్డున దీపములు వెలిగించినచో అవి త్రోవతప్పి పల్లెవైపునకు ప్రాకి చచ్చును. తాబేలు నీటిలో నివసించినను ఊపిరికి పైకి రావలసిన జంతువు; మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చచ్చినవి ప్రతి సంవత్సరమును మన ఒడ్డునకు కొట్టుకొనివచ్చుచున్నవి. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వానిని కాపాడుచున్నది. చట్టముకంటె ముందుగా కాపాడవలసినవాడు దానిని చూచిన బాలుడు.

6. మన భాషలోని పుస్తకములు

తెలుగున ఇట్టి పుస్తకములు లేవనుట సరికాదు. 1957లో స్థాపితములైన నేషనల్ బుక్ ట్రస్టును, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టును దేశభాషలలో చిన్నవెలకు పుస్తకములను ప్రకటించుచున్నవి. పక్షులను చూచుటను గూర్చి జమాల్ ఆరా యను విదుషీమణి బాలురకు వ్రాసిన పుస్తకము నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయ శ్రేణిలోనిది. సోవియట్ రాజ్యమున్నంతకాలము మాస్కోనుండి తెలుగు బొమ్మల పుస్తకములు వచ్చెడివి. 1991తో అవి నిలిచిపోయినవి. మా బాల్యమున మంచులోని ఎలుగుబంటిని మేమెఱిగినంతగా మన పీతను ఎఱుగకపోవుటకు అదియొక కారణము. అయినను ఆ పుస్తకములకు మేము ఋణపడియున్నాము. ఇప్పుడు చెన్నపట్టణపు తూలికవారును, హైదరాబాదునందలి మంచి పుస్తకము వారును, 2004లో ఆరంభమైన ప్రథమ్ బుక్స్ వారును తెలుగున బాలుర పుస్తకములను వెలువరించుచున్నారు. ప్రథమ్ బుక్స్ వారు 2015 నుండి స్టోరీవీవరు అను పేర అంతర్జాలమున ఉచితముగా చదువుకొనుటకును, అచ్చువేసికొనుటకును వీలు కల్పించిరి. బీదకుటుంబములకు ఇది మేలు.

పెద్ద విద్యార్థులు సలీం అలీ మహాశయుడు 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల గ్రంథమును చూడవలెను. అది బాలగ్రంథము కాకపోయినను, బొమ్మయు మాటయు ఒకదానికొకటి ఎట్లు తోడు కావలెనో అందు నేర్వవచ్చును.

7. మనము వ్రాయవలసిన పుస్తకము

ఇన్ని యుండియు ఒక కొఱత కలదు. మన తీరపు జంతువులను మన తీరపు పేర్లతో చూపు పుస్తకము మా అలమారలో లేదు. దానిని దూరమున నున్నవారు వ్రాయవలెనని కూర్చుండుట న్యాయము కాదు. ఏలయన, ఎఱుక ఇచటనే యున్నది.

కలివికోడి కథ ఇందుకు సాక్ష్యము. జెర్డను దొర సేకరించిన ఈ పక్షిని 1848లో బ్లైతు అను పండితుడు లోకమునకు తెలిపెను. జానెడు పొడవుగల, మెడక్రింద రెండు పట్టెలుగల చిన్నపక్షి యది; ముండ్లపొదల నడుమ రాత్రివేళ సంచరించును. 1900 తరువాత దానిని చూచితిమన్న పండితుడు లేడు, నశించినదనిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ కడప సీమలో దానిని మరల కనుగొనెను. చేతికి పట్టి తెచ్చి చూపినవాడు ఐతన్న యను ఆ ఊరి వేటకాడు. పండితలోకమునకు ఎనుబదియాఱేండ్లు కనబడని పక్షి ఐతన్నకు కనబడుచునే యుండెను. అతనిని అడిగినవారే లేకపోయిరి.

రాజహంసను గూర్చి మాకు బుద్ధి చెప్పిన బాలుని వంటి ఐతన్నలు ప్రతి తరగతిలోను వెనుక వరుసలో కూర్చుండియుందురు. వారిని అడుగవలెనని తలచి, ఆ సంవత్సరమే ఐదవ తరగతివారిచేత ఒక బొమ్మల పుస్తకమును ఆరంభింపజేసితిమి. నియమములు నాలుగు. కంటితో చూడనిదానిని వ్రాయరాదు. చూచిన దినమును, స్థలమును, జంతువు చేయుచున్న పనిని వ్రాయవలెను. పరిమాణమును జానలతోనో తాటితోనో కొలిచినట్లు తెలుపవలెను. తమ పల్లెలో పిలుచు పేరును మొదట వ్రాసి, పుస్తకపు పేరును పిదప చేర్చవలెను. ఒకే పీతకు మూడు పాలెములలో మూడు పేర్లు వచ్చినవి, మూడింటిని ఉంచితిమి.

మొదటి పుటను ఎవరు వ్రాయవలెనని తరగతి నడిగితిమి. బాలురందఱు వెనుక వరుసవైపు చూచిరి. అతడు రంగుపెట్టెలోని ఎఱుపును ముట్టలేదు. మట్టిరంగు రాజహంసపిల్ల యొకటి, మెడను వంచి, ముక్కును తలక్రిందుగా నీటిలో నుంచి మేయుచున్నట్లు వ్రాసెను. రాజహంస ముక్కును అట్లు త్రిప్పియే బురదనీటిని వడగట్టి ఆహారమును తీసికొనును. ఆ సంగతి మేము అతనికి చెప్పలేదు. ఆ పుస్తకము నేడు అలమారలో మొదటి అరలో నున్నది. ప్రతి సంవత్సరమును కొన్ని పుటలు చేరుచున్నవి. తల్లిదండ్రులు పాఠశాలకు వచ్చినప్పుడు దానిని తెఱచి చూడవలెనని కోరుచున్నాము. తప్పు కనబడినచో మాతో చెప్పుడు. ఈసారి విందుము.

అభ్యాసము

(1) మీ ఇంటిలోని ఒక జంతువుల బొమ్మల పుస్తకమును పైని చెప్పిన ఐదు పరీక్షలతో పరిశీలించి, ఒక్కొక్కదానికి ఒక వాక్యము వ్రాయుడు.

(2) సముద్రపు తాబేటికిని చెఱువు తాబేటికిని కాళ్ళలో గల భేదమేమి? ఆ భేదమునకు కారణమేమి?

(3) మీ ఊరిలో ఒక వృద్ధుని గాని వృద్ధురాలిని గాని కలిసికొని, వారి చిన్ననాట కనబడి నేడు కనబడని ఒక పక్షిని గూర్చి యడిగి, వారు చెప్పినట్లే వ్రాయుడు.

(4) ఒక కాకిని పది నిమిషములు కదలక చూచి, పిమ్మట దాని బొమ్మను వ్రాయుడు. ఆ మీదట పుస్తకములోని కాకి బొమ్మను చూడుడు; ముందుగా చూడరాదు.